బుధవారం లేని లెక్క

సాయంత్రం ఆరున్నరకు కాటా ఆగుతుంది.
హమాలీలు ఒంటికంటిన బెల్లప్పొడి దులుపుకుంటారు,
చీమలు తమ షిఫ్టు మొదలుపెడతాయి.
అప్పుడు నా పని.

ప్రోగ్రాంలోంచి అందరినీ బయటికి రమ్మంటాను,
అందరూ అంటే కాటా దగ్గరి కుర్రాడొక్కడే.
వాడు తెరిచి ఉంచితే ఫైలు కాపీ కాదు,
జనం తిరిగే ఇంట్లో పసిబిడ్డలా
కుదురుగా పడుకోదు.
డేటా ఫోల్డరు, దాని పక్కనే చిన్న లాగ్ ఫైలు.
ఆ చిన్నది మరిచిపోతే పెద్దది తెరుచుకోదని
రెండేళ్ల కిందట ఏడ్చి నేర్చుకున్నాను.
పచ్చగీత పాకుతుంది.
తొంభైతొమ్మిది దగ్గర ఎప్పుడూ ఆగి
ఏదో ఆలోచిస్తుంది.

ఏడు పెన్‌డ్రైవులు, ఏడు దారాలు.
మంగళవారానిది ఎరుపు, బుధవారానిది పచ్చ.
శనివారానికి నలుపంటే లోకనాథ శెట్టి ఒప్పుకోలేదు,
దానికీ గురువారంలాగా పసుపే కట్టాను,
ముడులు లెక్కపెట్టి పోల్చుకుంటాను.
ఏ రోజుది ఆ రోజు మండీ దాటిపోవాలి:
ఆటోలో, టిఫిన్ క్యారియర్ పైగిన్నెలో,
నాలుగువందల మంది బాకీలు
చింతకాయ తొక్కు వాసనతో
కట్టమంచి దాకా వస్తాయి.

"ఎందుకమ్మే ఈ చాదస్తం? మిషను కొత్తదే కదా!"
కొత్తది చావదని ఎవరు చెప్పినారు సామీ?

ఆ బుధవారం ఆరుంబావుకే కరెంటు పోయింది.
యూపీఎస్ మూడుసార్లు కూసి గమ్మునైపోయింది.
రేపు పొద్దున తీద్దాంలే అనుకున్నాను.
లెక్కలు రాసేవాళ్లు వాడకూడని మాట అది.
రాత్రి చిత్తూరంతా ఉరుములు.

గురువారం మిషనులో బల్లి పలికింది.
హైరోడ్డు నుంచి ఇంతియాజ్ వచ్చి
డిస్కును చెవికి ఆనించుకున్నాడు,
పుచ్చకాయ కొనేవాడిలా.
"లోపల గీరుకుంటా ఉందక్కా, అయిపోయింది."

ఎర్రదారం కోసం ఇంటికి పరిగెత్తాను.
పాతమిషను దుమ్ము తుడిచి ఎక్కిస్తుంటే
హమాలీలు కూడా వెనకాల నిలబడ్డారు,
ఆపరేషను గది బయట నిలబడినట్టు.
మంగళవారం రాత్రి దాకా
పైసా తేడా లేకుండా లోకం తిరిగొచ్చింది.
తర్వాత తెల్లటి తెర.
బుధవారం దిగిన బస్తాలెన్ని? ఎవరివి?
రసీదులు కావాలని అడిగితే కాటా కుర్రాడు
తలొంచుకున్నాడు. మిషన్లో ఉంది కదా అని
పొయ్యిలో వేశాడట, టీ కోసం.

అప్పుడు కుప్పన్ నా కొంగు తాకీ తాకకుండా
"ఇట్లా రాండమ్మా" అని గోదాము వెనక్కి తీసుకుపోయాడు.
గోడనిండా బొగ్గుగీతలు.
నాలుగు నిలువు, వాటి మీద ఒక అడ్డం.
చుక్క పెడితే గంగాధర నెల్లూరు బండి,
సున్నా చుడితే ఐరాల ట్రాక్టరు.
"నాకు మూటకింత కూలి కదమ్మా,
మర్చిపోతే కడుపు మాడతాది."
మొత్తం నూటపన్నెండు.
దీపావళికి సున్నం కొట్టించమని
శెట్టి ప్రతి ఏడూ తిట్టే గోడ అది.

బరువులు గోడకు తెలియవు.
వాటిని రైతులే ఫోన్లలో చెప్పారు.
ఒకరిద్దరు రెండు కిలోలు జాస్తి చెప్పుంటారు.
రాసేశాను.

గల్లాపెట్టెలో మాత్రం ఎనిమిదివేలు తగ్గింది.
బుధవారం ఎవరికో అడ్వాన్సు ఇచ్చానంటాడు శెట్టి,
భుజాన తువ్వాలున్న మనిషికట.
మండీలో తువ్వాలు లేనివాడెవడు?
శుక్రవారం దాకా చూశాను, ఉగాది దాకా చూశాను,
ఎవరూ రాలేదు.
ఇచ్చాడో లేదో శెట్టికే ఇప్పుడు అనుమానం.
సస్పెన్సు ఖాతాలో ఒక్క వరుసగా పెట్టాను,
పేరుండాల్సిన చోట ఒక గీత.

ఇప్పుడు ఆరుకే మొదలుపెడతాను.
పచ్చగీత పాకేలోపు గోదాము వెనక్కి వెళ్లి
ఆ పొద్దుటి బొగ్గుగీతలకు ఫోటో తీస్తాను.
కుప్పన్ పక్కకు జరిగి చోటిస్తాడు,
చెయ్యి తుడుచుకుంటాడు, తన చేతిరాత ముందు
కొంచెం సిగ్గుపడతాడు.

ఆటో కుదుపులకు గిన్నె గలగలమంటుంది.
ఎవరివో తెలియని ఆ ఎనిమిదివేలు
ఇవాళ కూడా నాతోపాటు
కట్టమంచిలో దిగుతాయి.